దిగబడిన బండి – ఎవరి ఎదుట సిగ్గుపడాలి?



ఈ మధ్య కొన్ని సంవత్సరములుగా మన కుటుంబములలోని యువకులు జీపుల వంటి పెద్ద బండ్లు కొంటున్నారు. హోసూరులోను బెంగుళూరులోను ఫ్యాక్టరీలలో, కంప్యూటరు ఆఫీసులలో వారమంతా పనిచేసి, శనివారము వచ్చేసరికి నలుగురైదుగురు కలిసి తారురోడ్డు విడిచి చెరువులలోకి, గుట్టల మీదికి, వాగుల వెంబడి బండ్లు నడపడానికి బయలుదేరుతున్నారు. దీనిని ఆఫ్ రోడింగ్ అంటారట. ఆదివారము ఆరాధన అయిన తరువాత చెట్టు క్రింద నిలబడి, ఎవరి బండి ఎక్కడ దిగబడినదీ, తోయబోయి ఎవరు బోర్లా పడినదీ, ఎవరి చెప్పు ఒకటి ఇప్పటికీ చెరువు బురదలోనే ఉన్నదీ ఒకరికొకరు చెప్పుకొని నవ్వుకొంటారు. పెద్దలము గనుక గంభీరముగా ఉండవలెను గాని, ఆ చెప్పు సంగతి విని మేము కూడ నవ్వాము.

వారిని మందలించడానికి ఈ వ్యాసము వ్రాయడము లేదు. త్రాగుడు లేదు, జూదము లేదు, వారమంతా నాలుగు గోడల మధ్య కూర్చున్నవారు బయటి గాలి పీల్చుకొంటున్నారు. అయితే వారి మాటలు వినగా వినగా మాకు ఒక ప్రశ్న తోచినది. బండి దిగబడినప్పుడు మనిషికి సిగ్గు కలుగుతుంది గదా, ఆ సిగ్గు ఎవరి ఎదుట కలగవలెను? ఇది చిన్న ప్రశ్నగా కనబడవచ్చును. ఆలోచించిన కొద్దీ అది అంత చిన్నది కాదని మాకు అర్థమయినది.

ముందు స్థలము సంగతి చెప్పాలి. కృష్ణగిరి నుండి హోసూరు వైపు జాతీయ రహదారి మీద వస్తూ ఉంటే కుందారపల్లి కూడలి తగులుతుంది. మొదట 7వ నంబరుగా ఉండి ఇప్పుడు 44వ నంబరుగా పిలువబడుతున్న రహదారి ఇదే. ఇక్కడి నుండి వేపనపల్లి వైపు ఒక రోడ్డు చీలుతుంది. ఆ వైపు పోతూ ఉంటే కర్నాటక సరిహద్దు, ఆంధ్ర సరిహద్దు రెండూ దగ్గరే. కుందారపల్లి శుక్రవారపు సంతకు మేకలు, గొర్రెలు, పశువులు వస్తాయి. పండుగల ముందు వారము అయితే కాలు పెట్టడానికి చోటు ఉండదు. సంతలో బేరము తమిళములో మొదలై తెలుగులోకి మారి, అవతలివాడు కన్నడిగుడయితే కన్నడములో ముగుస్తుంది. చుట్టూ మామిడి తోటలు, రాగి చేలు, టమాటా మడులు, మధ్య మధ్య గుండ్రాళ్ళ గుట్టలు, వాన కోసము ఎదురు చూచే చెరువులు. ఇంట్లో తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళము చదువుకొన్న కుటుంబములు ఈ ప్రాంతములో ఎన్నో ఉన్నవి. కృష్ణగిరి 2004లో ధర్మపురి నుండి విడిపోయి ప్రత్యేక జిల్లా అయినది గాని, భాషల కలయిక దానికంటె ఎంతో పాతది.

మన యువకులు తారురోడ్డు వదిలేది ఇటువంటి చోట్లనే. బెంగుళూరు నుండి ఉదయము బయలుదేరితే మధ్యాహ్నము భోజనము వేళలోపుగా బురదలో ఉండవచ్చును అని ఒకరు మాతో సంతోషముగా చెప్పారు.

ఆఫ్ రోడ్ అను మాట గురించి కొంచెము ఆలోచించండి. దారి లేని చోటు అని దాని అర్థము. కాని ఈ ప్రాంతములో దారి లేని చోటు ఎక్కడున్నది? జీపులో కూర్చున్నవారికి దారిలేనిదిగా కనబడినది మేకల కాపరికి రోజూ నడిచే దారి. చెరువు కట్ట మీద దారి ఉన్నది, చెరువు లోపల పశువులు నీళ్ళకు దిగే దారి ఉన్నది, రెండు చేల మధ్య గట్టు మీద ఆడవారు గడ్డిమోపులు తెచ్చే దారి ఉన్నది. ఆ గట్టును ఈ వైపు వారు గెనిమ అంటారు. గెనిమ ఒక్క అడుగు వెడల్పే ఉండవచ్చును, కాని దాని మీద ఒక ఇంటి సంవత్సరపు వాననీరు ఆగుతుంది. బండి చక్రము దానిని రెండు క్షణములలో కోసివేస్తుంది. మేము మెచ్చని మాట ఏదైనా ఉంటే ఇదే. వినోదములో దోషము లేదు, ఆ పేరులో ఉన్నది. ఎవరి దారీ కాదు అనుకొన్న చోట ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదు అనే భావము దానంతట అదే వస్తుంది.

ఇక దిగబడుట సంగతి. ఎండాకాలము మొదట్లో చెరువు అడుగు పైకి ఎండి, పగుళ్ళు పడి, గట్టి నేలవలె కనబడుతుంది. క్రింద మాత్రము ఒండ్రు ఇంకా పచ్చిగానే ఉంటుంది. మనిషి నడిస్తే ఏమీ కాదు. రెండు టన్నుల బండి ఎక్కితే పైపొర పగిలి చక్రములు లోపలికి జారుతాయి. అప్పుడు నడిపేవాడు ఏమి చేస్తాడు? యాక్సిలరేటరు తొక్కుతాడు. చక్రము గిరగిర తిరుగుతుంది, బురద పైకి ఎగురుతుంది, బండి ఇంకొక జానెడు దిగుతుంది. మళ్ళీ తొక్కుతాడు.

దీనికి యంత్రములోనే ఒక కారణము ఉన్నది. రెండు చక్రముల మధ్య డిఫరెన్షియల్ అను పళ్ళచక్రముల పెట్టె ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము తిరగవలెను గనుక ఆ ఏర్పాటు. అయితే సాధారణమైన డిఫరెన్షియల్ ఉన్న బండిలో ఒక చక్రము పట్టు తప్పితే అదే ఊరక తిరుగుతూ ఉంటుంది, గట్టి నేల మీద ఉన్న రెండవ చక్రము కదలకుండా నిలబడుతుంది. తొక్కిన బలమంతా పట్టు లేని చక్రానికే పోతుంది. నాలుగు చక్రములకూ బలము అందే బండ్లలో కూడ, తాళము వేసే ఏర్పాటు లేకపోతే, ఇదే జరగవచ్చును. కాబట్టి దిగబడిన వెంటనే చేయవలసినది ఆపుట. ఆపి, దిగి, చక్రముల ముందు మన్ను తవ్వి, రాళ్ళో కొమ్మలో వేసి, టైర్లలో గాలి కొంత తగ్గిస్తే నేలను పట్టే వెడల్పు పెరుగుతుంది. తరువాత మెల్లగా కదలాలి. తారురోడ్డు ఎక్కిన తరువాత మళ్ళీ గాలి నింపుకోవాలి. ఈ సంగతులు మన యువకులందరికీ తెలుసు. మాకు చెప్పినది వారే.

తెలిసి ఎందుకు తొక్కుతారు? మేము అడిగాము. ఒకరు నిజము చెప్పారు. వెనుక వచ్చే బండివారు చూస్తున్నారు, గట్టు మీద మేకల పిల్లవాడు చూస్తున్నాడు, దిగితే ఓడిపోయినట్లే, అందుకని ఇంకొక్కసారి తొక్కాను అని. అంటే బండిని లోతుకు దించినది సగము బురద, సగము ఆ సిగ్గు.

ఎద్దులబండి తోలిన తరము వారికి ఇది వింతగా ఉంటుంది. మెత్తని నేల వస్తే ఎద్దు కాలు పెట్టి చూచి ఆగుతుంది, కొట్టినా ముందుకు పోదు. దాని ఆగుటలో ఒక తెలివి ఉన్నది. ఇంజనుకు ఆ తెలివి లేదు గనుక తోలేవానికే ఉండాలి. ఎద్దులబండి దిగబడితే ముందు మనుషులు దిగేవారు, తరువాత బరువు దించేవారు, ఆ తరువాతనే చక్రానికి భుజము పెట్టేవారు. ఎవరూ బండిలో కూర్చొని సిగ్గుపడేవారు కారు. 1952లో సమాజ వికాస పథకము వచ్చిన తరువాత బ్లాకు ఆఫీసు జీపులు పల్లెలకు రావడము మొదలయినది. అవి దిగబడితే పిల్లలము అందరము పరుగెత్తి తోసేవారము, ఆఫీసరు గారు కూడ ప్యాంటు మడిచి దిగేవారు. ఆయన గౌరవము ఏమీ తగ్గినట్లు మాకు జ్ఞాపకము లేదు. పైగా అటువంటి ఆఫీసరు పేరే ఊరు గుర్తుపెట్టుకొనేది.

మన భాషలో దీనికి రెండు మాటలు ఉన్నవి. ఒకటి నామోషీ, మరియొకటి సిగ్గు. మాటల్లో రెండూ ఒకటిగానే వాడతాము గాని వాటి దిక్కులు వేరు. నలుగురిలో తక్కువ అవుతానేమో అనేది నామోషీ. నలుగురూ లేకపోతే అది కూడ ఉండదు. చేసిన పనిని చూచుకొని మనస్సు ముడుచుకొనేది సిగ్గు. చీకటిలో ఒంటరిగా ఉన్నా అది ఉంటుంది. బురదలో తొక్కిన కాలును తొక్కించినది నామోషీ. అది వచ్చిన మనిషి సహాయము అడగడు. తప్పనిసరియై అడిగినా, క్రింద పడ్డా పైచేయి నాదే అన్నట్లు, బండిలో లోపము అనో, మ్యాపు తప్పు చూపినది అనో ముందుగా ఒక కారణము చెప్పి తరువాత అడుగుతాడు.

ఉపాధ్యాయ శిక్షణ పొందే రోజులలో మాకు గట్టిగా చెప్పిన మాటలలో ఒకటి, తరగతి ఎదుట పిల్లవానిని నవ్వులపాలు చేయవద్దు అని. అనుభవములో దాని కారణము చూచాము. నల్లబల్ల దగ్గర లెక్క తప్పినందుకు తరగతి నవ్విన పిల్లవాడు మరునాడు లెక్క నేర్చుకొని రాడు, ప్రక్కవాని నోటు చూచి వ్రాసికొని వస్తాడు. నవ్వు వానికి నేర్పినది దాచుట మాత్రమే. కాబట్టి దిగబడినవారిని చూచి నవ్వితే బుద్ధి వస్తుంది అనే పెద్దల వాదనను మేము ఒప్పుకోము. సరదాగా నవ్వుతూనే భుజము పట్టే నవ్వు వేరు. ఫోను పైకెత్తి వీడియో తీస్తూ దూరముగా నిలబడే నవ్వు వేరు.

అసలు దిగబడిన ప్రతివాడూ తప్పు చేసినట్లు కాదు. 2024 జనవరిలో నీలగిరి జిల్లా గూడలూరులో కర్నాటక వైపు తిరిగి వెళ్తున్న ఒక కారువారు ఫోను మ్యాపు చూపిన దగ్గర దారిని నమ్మి ఇళ్ళ మధ్య మెట్లదారిలోకి దిగి ఇరుక్కుపోయారు. స్థానికులు, పోలీసులు కలిసి బండిని మెట్ల నుండి దింపారు. అదే సంవత్సరము మే నెలలో హైదరాబాదు నుండి కేరళకు విహారయాత్రకు వెళ్ళిన నలుగురు కొట్టాయము జిల్లా కురుప్పంతర దగ్గర వాననీటితో నిండిన దారిలో మ్యాపును అనుసరించి పోతూ కాలువలో పడ్డారు. బండి పూర్తిగా మునిగినది. చుట్టుప్రక్కలవారి, పోలీసుల సహాయముతో నలుగురూ బ్రతికి బయటపడ్డారు. వీరిని చూచి దేశమంతా నవ్వినది. ఎందుకు నవ్వాలి? తెలియని ఊరు, చీకటి, వాన. అది మనలో ఎవరికైనా జరగవచ్చును.

వీటి ప్రక్కన మరి రెండు సంగతులు పెట్టి చూడండి. 2023 డిసెంబరు సెలవులలో హిమాచల్ ప్రదేశ్ లాహౌల్ లోయలో రోడ్డు మీద రద్దీగా ఉన్నదని ఒకరు జీపును చంద్రా నదిలోకి దించి నీటిలో నడిపారు. పోలీసులు 3,500 రూపాయలు జరిమానా వేశారు. 2024 జూన్‌లో గుజరాత్ ముంద్రా తీరములో వీడియో కోసము రెండు జీపులను సముద్రములోకి దింపగా అవి ఇసుకలో కూరుకుపోయాయి. ఊరివారి సహాయముతో లాగారు, పోలీసులు కేసు పెట్టారు. చూడండి, నదిలో నడిపినవాడు దిగబడలేదు, క్షేమముగానే అవతలికి చేరాడు. మెట్లలో ఇరుక్కున్నవాడు దిగబడ్డాడు. లోకము ఇద్దరిలో ఎవరిని చూచి నవ్వినది? ఇరుక్కున్నవానిని. నవ్వును కొలతగా పెట్టుకొంటే తప్పులెక్క వస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. దిగబడుట నేరము కాదు, దిగబడకపోవుట నిర్దోషత్వమూ కాదు.

ఇప్పుడు కుందారపల్లి దగ్గర జరిగిన ఒక సంగతి చెబుతాము. పేర్లు అవసరము లేదు. మన యువకుల బండ్లు రెండు వేపనపల్లి వైపు ఒక చెరువు దగ్గర దిగాయి. ఒకటి దిగబడినది. ఈసారి వారు బుద్ధిమంతులుగానే నడుచుకొన్నారు. తొక్కలేదు, దిగి తవ్వారు, రాలేదు గనుక దగ్గర చేనిలో దున్నుతున్న ఒకరిని అన్నా అని పిలిచి బ్రతిమాలుకొన్నారు. ఆయన ట్రాక్టరు తెచ్చాడు. తాడును బంపరుకు కట్టబోతే ఆయనే వద్దని, క్రింద ఉన్న ఇనుప కొక్కెమునకు కట్టించాడు. తాడు తెగితే కొరడావలె వచ్చి తగులుతుందని అందరినీ దూరముగా పొమ్మన్నాడు. బండి బయటకు వచ్చినది. డబ్బు ఇస్తే మొదట వద్దన్నాడు, తరువాత డీజిలుకని కొంత తీసికొన్నాడు. చేతులు కలుపుకొన్నారు, ఫొటో తీసికొన్నారు, సంతోషముగా ఇల్లు చేరారు. ఆదివారము ఈ కథ మేము విన్నాము. మంచి కథే అనుకొన్నాము.

కొన్ని వారములకు ఆ ప్రాంతములో మాకు తెలిసిన ఒక కుటుంబము ద్వారా అదే కథ రెండవ సగము విన్నాము. ట్రాక్టరు వచ్చుటకు, బండి వెళ్ళుటకు అడ్డము వచ్చిన చేను ట్రాక్టరు అన్నది కాదు. ఒక వృద్ధురాలిది. అర ఎకరము కూడ ఉండని టమాటా మడి. రెండు బండ్ల చక్రములు దాని చివర నుండి పోయాయి. గెనిమ తెగినది, బొట్టు బొట్టుగా నీళ్ళు పెట్టే డ్రిప్ పైపులు నలిగాయి. పైపు నలిగితే చప్పుడు ఉండదు. ఆమెకు వెంటనే తెలియలేదు. చివరి వరుస మొక్కలు వాడిన తరువాత పోయి చూస్తే చక్రముల గుర్తులు కనబడినవి. ఎవరు, ఏమి అని అడిగితే ఊరివారు చెప్పగలిగినది ఒక్కటే, ఆంధ్రా బండి.

ఇక్కడ మేము చాల సేపు ఆగిపోయాము. మన యువకులు మంచివారు. అబద్ధమాడలేదు, దొంగతనము చేయలేదు. సహాయము చేసినవానికి కృతజ్ఞత చెప్పారు, ఖర్చు ఇచ్చారు. తెలియకుండా జరిగిన నష్టమునకు మనిషి బాధ్యుడా? న్యాయశాస్త్రములో దీనికి పెద్ద చర్చలే ఉన్నవి. మాకు తోచినది ఇది. తెలియకపోవడము రెండు రకములు. కంటికి కనబడనిది తెలియకపోవడము ఒకటి. చూస్తే కనబడేదానిని, చూడనందువలన తెలియకపోవడము మరియొకటి. చెరువు పైపొర క్రింద బురద ఉన్నదని తెలియకపోవడము మొదటిది. వెనుకకు తిరిగి తమ చక్రముల గుర్తులు చూడకపోవడము రెండవది. ఎందుకు చూడలేదు? వారి మనస్సు అంతా బండి మీద, తమను చూస్తున్నవారి మీద ఉన్నది. సిగ్గుపడినది నవ్వేవారి ఎదుట, కృతజ్ఞత చూపినది లాగినవాని ఎదుట. నష్టపోయినామె ఆ లెక్కలోకే రాలేదు, ఎందుకంటే ఆమె అక్కడ లేదు.

ట్రాక్టరుకు ఇచ్చిన డబ్బు కూడ ఇందులో ఒక పని చేసినదని మేము అనుకొంటాము. డబ్బు ఇచ్చిన వెంటనే మనస్సులో ఖాతా మూసివేసినట్లు అవుతుంది. ఇవ్వకుండా వచ్చి ఉంటే రాత్రి కొంచెము బాధపడి, ఇంకెవరికైనా ఏమైనా ఇవ్వాలా అని ఆలోచించి ఉండేవారేమో. ఇది మా ఊహ మాత్రమే.

పరుల చేనిలో పశువులు పడి మేస్తే తన చేనిలోని మంచి భాగములో నుండి నష్టము తీర్చవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయములో ఉన్న విధి మన పాఠకులకు తెలిసినదే. అందులో మేము గమనించినది ఒకటి. పశువు కావాలని మేసినదా, యజమానికి తెలిసినదా అనే విచారణకంటె ముందు చేను గలవాని నష్టము నిలబడుతుంది. ఏది మంచిదో అది ఇవ్వవలెను, మిగిలినది కాదు. జీపు గడ్డి మేయదు గాని మిగిలిన సంగతి అంతా ఒకటే.

ఆ యువకులకు ఈ రెండవ సగము చెప్పాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకరు మాత్రము, పెద్దయ్యా, ఇప్పుడు పోతే మాకే అవమానము గదా, ఎవరిదో చేసిన పని మా మీద పడుతుందేమో అన్నారు. నామోషీ మళ్ళీ వచ్చి తొక్కమంటున్నది. చివరకు ఇద్దరు క్రొత్త పైపు చుట్ట కొనుక్కొని వెళ్ళారు. ఆ ముసలమ్మ "ఎవురు నాయనా మీరు?" అని అడిగినదట. చెప్పారు. ఆమె తిట్టలేదు, నవ్వలేదు. పైపు తీసికొని గోడకు ఆనించి, ఈసారి టమాటాకు ధర కూడ లేదులే అని మాత్రము అన్నది. పరవాలేదు అని అనలేదు. తిరిగి వచ్చిన తరువాత ఆ ఇద్దరూ మాతో చెప్పినది అదే. అందరూ నవ్విన రోజు ఇంత కష్టము అనిపించలేదు, ఆమె పరవాలేదు అంటుందని నిలబడ్డాము, అనలేదు అని. మేము కూడ వారికి పరవాలేదు అని చెప్పలేదు. ఆ మాట చెప్పే అధికారము మాది కాదు.

దీనిమీద మన యువకులలో ఒకరు చక్కటి వాదన తెచ్చారు. ఇప్పుడు మేము బండికి ముందు వించి పెట్టించుకొన్నాము, దానంతట అది చెట్టుకు తాడు కట్టి బయటకు లాక్కొంటుంది, ఊరివారిని కష్టపెట్టనక్కరలేదు గదా అన్నారు. మంచి సాధనమే. కాని ఎవరి సహాయమూ అక్కరలేనివానికి ఎవరినీ పలకరించవలసిన అవసరము కూడ ఉండదు. ట్రాక్టరు అన్నను పిలిచినందువలననే ఆ ముసలమ్మ సంగతి ఏదో ఒక దారిలో మన వరకు వచ్చినది. వించి ఉన్న బండి చప్పుడు లేకుండా వచ్చి చప్పుడు లేకుండా పోతుంది. గెనిమ మాత్రము తెగే ఉంటుంది. ఆ చెట్టు బెరడు సంగతి మేము ఇంకా అడగనే లేదు.

నీటి విషయము కూడ ఇక్కడే చెప్పవలెను, ఎందుకంటే ఇది నామోషీతో ఆగక ప్రాణము మీదికి వస్తుంది. వాగు మీద నేలబారు వంతెన మీదుగా నీరు పోతూ ఉంటే, ముందు బండి దాటినదని వెనుక బండి దిగుతుంది. ప్రవహించే నీరు ఒక అడుగు లోతు ఉంటే చిన్న కారును కదిలిస్తుంది, రెండు అడుగులుంటే చాల బండ్లను తేల్చి తీసికొనిపోతుంది. ఇంజనులోకి నీరు పీల్చుకొంటే, గాలివలె నీరు అణగదు గనుక, లోపలి కడ్డీలే వంగిపోతాయి. 2024 డిసెంబరు మొదట్లో ఫెంజల్ తుఫానుకు మన జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క రోజులో సుమారు 50 సెంటీమీటర్ల వాన పడినప్పుడు రోడ్డు ప్రక్కన నిలిపిన బండ్లే నీటిలో కొట్టుకుపోయాయి. నిలిపిన బండిని మోసికొనిపోయిన నీటిలోకి ఎవరో చూస్తున్నారని నడిపించేవానికి ఏమి చెప్పాలి?

ఇంకొకటి. చలికాలములో బన్నేరుఘట్ట వైపు నుండి హోసూరు అడవులకు ఏనుగుల మందలు వస్తాయి, రాగి కోతల వేళకు అవి చేల వరకు వస్తాయి. రైతులు రాత్రులు మంచెల మీద కావలి ఉంటారు. అటువంటి రాత్రి అడవి అంచున పెద్ద దీపములు వేసికొని బండ్లు తిరిగితే ఏనుగు ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు? రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోవడము చట్టరీత్యా నేరమే. చట్టము లేకపోయినా, మంచె మీద ఉన్నవాని ప్రాణముతో మన వినోదము ముడిపడకూడదు.

మనము ఈ నేల మీద వలస వచ్చినవారము. మన పేర్లు ఇక్కడివారికి తెలియవు. బండి నంబరు మీద ఏపీ అనో, టీజీ అనో, కేఏ అనో ఉన్న రెండు అక్షరములే తెలుసు. ఒక కుర్రవాడు చేసినది ఆ అక్షరములు గల ప్రతివాని ఖాతాలో వ్రాయబడుతుంది. ఇది అన్యాయమని మేము కూడ అనుకొంటాము. అయినా జరిగేది అదే. మనము కూడ ఇతరుల విషయములో అలాగే చేస్తాము గదా.

మొన్న మాఘములో మన యువకులు నలుగురు మళ్ళీ బయలుదేరారు. ఈసారి శుక్రవారము సెలవు పెట్టి పోయారట. కుందారపల్లి సంత దగ్గర బండ్లు నిలిపి, టీ దుకాణములో కూర్చొని, మేకలు అమ్ముకొనడానికి వచ్చిన ఒక పెద్దాయనను, తాతా, ఆ చెరువులో బండి దిగవచ్చునా, ఆ ప్రక్క చేను ఎవరిది, ఎవరిని అడగాలి అని విచారించారు. ఆయన వీరి బండ్లను, వీరి బూట్లను కొంచెముసేపు చూచి, లోపల ఇంకా పచ్చిగా ఉంది, ఇప్పుడు వద్దు, ఉగాది దాటినాక రండి, ఆ చేను మా అల్లునిదే, నేను చెప్తాలే అన్నాడట. అంతదూరము పోయి దిగకుండా ఎలా అని వారిలో వారు కొంత వాదులాడుకొన్నారు. తరువాత ఇంకొక టీ త్రాగి, సంతలో తిరిగి, సాయంత్రానికి ఇల్లు చేరారు. ఒకరు మేకపిల్లను కూడ కొనుక్కొని వచ్చారు. అపార్టుమెంటులో దానిని ఎక్కడ కట్టాలో తెలియక ప్రస్తుతము మా పెరటిలో ఉన్నది.